బ్రెయిన్ స్కాన్‌లో ఆ పీక్ వెనుక.. మన యల్లాప్రగడ సుబ్బారావు!

మెదడులో గడ్డ ఉందన్న అనుమానం వస్తే డాక్టర్లు ఒక్కోసారి ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ రాస్తారు. అందులో కనిపించే ఓ పీక్‌కు మన భీమవరంతో లింకుంది.

1895లో అక్కడే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. చేతిలో డబ్బుల్లేవు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి తెచ్చారు. శాంపిల్ ఎంత నీలంగా మారితే అంత ఫాస్ఫరస్ ఉన్నట్టు. 1927లో ఇద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. కండరం పనిచేస్తే ఇది తగ్గుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. అప్పట్లో ఇది తేలాలంటే కండరం ముక్క కోసి తీయాల్సిందే.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. 1948లో 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు కోత అక్కర్లేదు. ఎమ్మారైలో టెక్నీషియన్ అనుమానం ఉన్న చోట సుమారు 2 సెంటీమీటర్ల పెట్టె గీస్తారు. ఎముక, కొవ్వు అందులో పడకూడదు. అయస్కాంత క్షేత్రాన్ని సరిచేసి, నీటి సిగ్నల్‌ను అణచాలి. లేదంటే మిగతావేవీ కనిపించవు. అన్నీ కుదిరితే 3.0 దగ్గర క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కలిసి ఒకే పీక్‌గా లేస్తాయి. మిగతా పదార్థాలు పెరిగాయా, తగ్గాయా అన్నది చాలాసార్లు దాంతోనే పోల్చి చూస్తారు.