కంచాలు ఎత్తిన చేతులు



మన మెస్‌లో రోజూ వడ్డించి, గిన్నెలు కడిగేవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? అమెరికా నౌకాదళంలో అలాంటి పనే చేసిన ఒక నల్లజాతి వీరుడి జీవితం మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు డోరిస్ మిల్లర్.

1919 అక్టోబరు 12న టెక్సాస్ రాష్ట్రంలోని వేకోలో పేద కౌలు రైతుల ఇంట ఆయన జన్మించారు. చదువు మధ్యలో ఆగిపోయింది. 1939లో నౌకాదళంలో చేరారు. ఆ రోజుల్లో అక్కడ నల్లవారికి దాదాపుగా దక్కేది మెస్ పనే. అధికారులకు వడ్డించాలి, కంచాలు తీయాలి, బట్టలు మోయాలి. తుపాకీ శిక్షణ మాత్రం ఇచ్చేవారు కాదు.

1941 డిసెంబరు 7 ఉదయం. హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో, వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌకపై ఆయన మాసిన బట్టలు పోగుచేస్తున్నారు. ఇంతలో జపాన్ విమానాలు విరుచుకుపడ్డాయి. తీవ్రంగా గాయపడిన కెప్టెన్‌ను పక్కకు చేర్చడంలో మిల్లర్ సాయపడ్డారు. తనకు ఎవరూ నేర్పని మెషిన్ గన్ అందుకుని తూటాలు అయిపోయేదాకా విమానాలపై కాల్చారు. తర్వాత గాయపడినవారిని మోసి కాపాడారు.

మొదట వార్తల్లో ఆయన పేరే రాలేదు. ఎవరో ఒక నల్ల మెస్ పనివాడు అన్నారంతే. నల్లవారి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ పట్టుబట్టి పోరాడింది. చివరకు 1942 మే 27న ఆయనకు నేవీ క్రాస్ పతకం ఇచ్చారు. అది అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. అయినా ఆయన్ను మెస్ విభాగంలోనే ఉంచారు. 1943 నవంబరు 24న పసిఫిక్ సముద్రంలో జపాన్ జలాంతర్గామి లిస్కమ్ బే నౌకను ముంచేసింది. చనిపోయిన 644 మందిలో మిల్లర్ ఒకరు. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. శవం కూడా దొరకలేదు.

పెర్ల్ హార్బర్‌లో అదే రోజు మునిగిన అరిజోనా నౌకపై 1962లో స్మారకం కట్టారు. జనం పడవలో అక్కడికి వెళ్లి, 1,177 మంది మృతుల పేర్లున్న పాలరాతి గోడ ముందు మౌనంగా నిలబడతారు. లిస్కమ్ బే నడిసముద్రంలో మునిగింది. అక్కడికి వెళ్లి పువ్వు పెట్టే వీలు లేదు. వేకోలో నది ఒడ్డున 2017 డిసెంబరు 7న మిల్లర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. 2020లో ఒక విమానవాహక నౌకకు ఆయన పేరు ప్రకటించారు.

మా నాన్న హోటల్లో కంచాలు కడిగేవారు. హాస్టల్ దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర ఆ మాట రాయడానికి సిగ్గుపడి, కూలీ అని రాశాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ డిగ్రీ వెనుక ఉన్నవి ఆ చేతులేనని మిల్లర్ జీవితం చదివాక నాకు తెలిసొచ్చింది.

ఈ వార్షికోత్సవం రోజు మీకు వడ్డించే అన్నను, అక్కను పేరు అడిగి పలకరించండి. మిల్లర్‌కు మనం పెట్టగల పువ్వు అదే.