బడి ఆగింది, అన్న ఆగలేదు: ద్వారం వేంకటస్వామి నాయుడు

ఉప్పల్, నాచారం వైపు దివ్యాంగ పిల్లలున్న మన ఇళ్లలో అమ్మీ-అబ్బాలకు ఒకటే దిగులు, రేపు ఈ బిడ్డ సంగతేంటని. అలాంటి ఇంట్లోంచే వచ్చారు ద్వారం వేంకటస్వామి నాయుడు. తెలుగునాట వయొలిన్ అంటే మొదట చెప్పే పేరు.

1893లో బెంగళూరులో పుట్టారు, పెరిగింది విశాఖపట్నంలో. చూపు ఆనక బడి చదువు ఆగిపోయింది. అన్న వెంకటకృష్ణయ్య తమ్ముణ్ణి మూలన కూర్చోబెట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని వయొలిన్ నేర్పారు.

ఇల్లు ఒక్కటే మోస్తే సరిపోదు కదా! 1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారు. ఎందుకో తెలుసా? కొలువులో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు కళ్లు కనిపించవు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లాడి కోసం మొదలైన కాలేజీలోనే తర్వాత ఘంటసాల చదివారు. మొదలైన ఏడాదే నాయుడు గారు అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు, అప్పటికి పాతికేళ్లు దాటాయో లేదో. 1936లో ప్రిన్సిపాల్, 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1964లో కన్నుమూశారు.

ఇప్పుడు మహారాజుల దయ అక్కర్లేదు. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు 2016 చట్టం ఇచ్చిన హక్కు. దానికి సర్టిఫికెట్ కావాలి. మీ గల్లీలో అది లేని బిడ్డ ఉంటే, ఆ తల్లితో ఒకరు తోడు వెళ్లండి.