ఖడ్గతిక్కన

ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో పాలాజో వెక్కియో అనే ప్రాచీన సౌధమున్నది. దాని సభామందిరపు గోడలపై 1543–45 ప్రాంతంలో ఫ్రాన్సెస్కో సాల్వియాతి అనే చిత్రకారుడు రోమను సేనాని కామిల్లస్ చరిత్రను చిత్రించినాడు. సహజత్వం కంటె విన్యాసాన్ని మిన్నగా భావించిన ఆ శైలిని మానరిజమంటారు. తనను వెళ్ళగొట్టిన నగరాన్నే ఆపదవేళ తిరిగివచ్చి కాపాడిన ధర్మవీరుడని కామిల్లస్‌ను రోమనులు కీర్తించినారు. ఇంటివారి చేతనే అవమానం పొంది మరల కదనానికి మరలిన సేనాని మనకూ ఒకడున్నాడు. ఆయన రూపాన్ని మనకు నిలిపినవి రంగులు కావు, చాటుపద్యాలు.

ఆయన ఖడ్గతిక్కన. 13వ శతాబ్దివాడు, కొట్టరువు వంశీయుడు. మంత్రి భాస్కరుని మనుమడు, సిద్దన ప్రోలమల కుమారుడు. భారతాంధ్రీకర్త తిక్కన సోమయాజికి పెదతండ్రి కొడుకు. ఇద్దరూ నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని వారే. ఒకరు గంటం పట్టినారు, మరొకరు కత్తి పట్టినారు. ఈ ఇద్దరినీ ఒకరిగా కలిపి వ్రాసిన జవాబుపత్రాలు నేను చాలా దిద్దినాను.

యుద్ధానికి కారణం పచ్చిక. హనుమంతునిపాడు వంటి మెట్ట గ్రామాలవారికి వాన వెనుకబడితే పశువు గతి ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి కరవులో గొల్లల నాయకుడు కాటమరాజు పుల్లరి చెల్లించే ఒడంబడికపై తన ఆలమందలను మనుమసిద్ధి బీళ్ళకు తోలుకొని వచ్చినాడు. పిమ్మట తన పశువులకు హాని జరిగినదని పుల్లరి నిలిపివేసినాడు. న్యాయం పూర్తిగా రాజు పక్షాన ఉన్నదని నేననలేను. కాని సేనాని అయిన తిక్కనకు ఆజ్ఞ అయినది. పాలేటి ఒడ్డున పోరు సాగినది. సేన నశించగా ఆయన ఒంటిగా ఇల్లు చేరినాడు.

కథకు ప్రాణం ఈ ఇంటిలోనే ఉన్నది. స్నానానికి పోయిన తిక్కనకు అక్కడ ఆడవారికి పెట్టినట్లు చాటుగా మంచం, నీళ్ళప్రక్కన పసుపుముద్ద కనిపించినవి. పెట్టినది భార్య చానమ. ఇదేమని అడిగితే, ఇంటిలో ఆడవారు ఇంతవరకు ఇద్దరే, నేటితో ముగ్గురైనారని ఆమె భావం. భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ విరిగిన పాలు పోసినది. కొడుకు విరిగివచ్చినట్లే పాలూ విరిగినవని ఆ తల్లి సమాధానం. తిక్కన మారుమాట పలుకలేదు. కత్తి తీసికొని మరల పాలేటి ఒడ్డుకు పోయి, పోరాడి అక్కడనే ఒరిగినాడు.

సేన అంతా కూలిన తరువాత మరలివచ్చుట పిరికితనమా? నేను కాదనుకొంటాను. నీతిశాస్త్రాలు కూడా అట్టి సమయంలో ప్రాణరక్షణను తప్పుపట్టవు. చానమ ప్రోలమలు మాత్రం శాస్త్రం చూడలేదు. ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పినప్పుడెల్లా మగపిల్లలు తిక్కన పౌరుషానికి పొంగిపోతారు. ఒకమారు వెనుక వరుసలోని ఒక విద్యార్థిని మాత్రం లేచి, పసుపుముద్ద పెట్టేటప్పుడు చానమకు ఆయన ఇక తిరిగిరాడని తెలియదా అని అడిగినది. తెలిసే పెట్టి ఉంటుందమ్మా అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు కూర్చోలేదు.