అపర భగీరథుడు కాటన్

ఆకలిగొన్నవానికి పట్టెడన్నము పెట్టుట పుణ్యకార్యము. ఆ ఆకలి మరల రాకుండ దాని మూలమును తొలగించుట అంతకు మించిన కైంకర్యము. అట్టి సేవ చేసిన ధన్యజీవి సర్ ఆర్థర్ కాటన్.

ఆయన 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించి, యౌవనారంభముననే మద్రాసు చేరి, కంపెనీ కొలువున ఇంజనీరయ్యెను. కావేరీ తీరమున చోళులు ఇసుకపై నిలిపిన కల్లణైను శ్రద్ధతో పరిశీలించెను. ఆ విద్యతోనే శ్రీరంగమునకు ఎగువన కొల్లిడముపై 1836లో ఆనకట్ట నిర్మించెను.

అనారోగ్యముచే కొంతకాలము సెలవుపై నుండి, తిరిగివచ్చిన పిమ్మట విశాఖపట్టణమున పనిచేసెను. నేటి రేవును, ఉక్కు కర్మాగారమును నాడు లేవు. అది చిన్న తీరపట్టణము. సముద్రము ఒడ్డును కోయుచు పట్టణమునకు ముప్పు తెచ్చుచుండగా, కాటన్ కడలిలోనికి రాతికట్టలు వేయించి ఆ కోతను అరికట్టెను.

ఆ కాలమున గోదావరి సీమ దుస్థితి వర్ణనాతీతము. 1833 నాటి ఘోరక్షామము, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ప్రజల వెన్ను విరిచెను. 1821లో 7,38,000 దాటియున్న జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు తగ్గెను. జీవనది నిండుగ ప్రవహించి సముద్రము పాలగుచుండ, దాని గట్టుననే జనులు అన్నమునకు అలమటించిరి. గంజి పోసిన దాతలు ఆనాటి ప్రాణము నిలుపగలరు. నీరందని పొలము మరుసటి యేడును బీడుగనే యుండును. ఈ సత్యమును గ్రహించిన కాటన్ 1844లో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను.

1847లో ధవళేశ్వరము కడ పని ఆరంభమయ్యెను. వీణెం వీరన్న కాటన్‌కు కుడిభుజమై, కూలిజనమును కూడగట్టి పని నడిపించెను. క్షామమున చితికిన పల్లెల జనమే రాళ్లు మోసి, లంకల నడుమ నాలుగు భాగములుగ కట్టను లేపిరి. 1848లో తీవ్రమైన అస్వస్థతచే కాటన్ కొంతకాలము దూరమైనను, సహచరులు పని ఆపలేదు. 1852లో ఆనకట్ట పూర్తియై, కాలువల వెంట డెల్టా సస్యశ్యామల మయ్యెను.

కాటన్ 1899 జూలై 24వ తేదీన స్వదేశమున కన్నుమూసెను. ఆయన మతము వేరు, దేశము వేరు. ఐనను గోదావరీ స్నానసంకల్పమున ఆయనను భగీరథునిగ స్మరించు ఆచారము పండితులలో వెలసెను. ఆర్తుల కన్నీరు తుడిచినవానికి అన్యులనువారు లేరు.