పేర్లు లేని వెండి కప్పులు

నల్లపాడులో మా ఇంట్లో తాతయ్య ట్రంకు పెట్టె ఒకటుంది. అందులో ఒక పాత సినిమా హీరో ఫోటో, దాని కింద సంతకం. కుర్రతనంలో మద్రాసుకి ఉత్తరం రాస్తే పోస్టులో వచ్చిందట. ఆ సంతకం ఇంకుతో పెట్టింది కాదు, ఫోటోతో పాటే అచ్చేసింది అని మొన్న గమనించాను. తాతయ్యకి మాత్రం చెప్పలేదు.

వందేళ్ళ క్రితం జర్మనీలో ఇలాగే పైలట్ల ఫోటోలు దాచుకునేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. బెర్లిన్‌లో విల్లీ సాంకె అనే ఆయన యుద్ధ విమాన పైలట్ల ఫోటోలు పోస్టుకార్డులుగా వేసి అమ్మేవాడు. ఆ కార్డు మీద పైలట్ స్వయంగా సంతకం పెడితే ఇక అది ఆ ఇంటికి నిధి. ఇప్పటికీ వాటిని సేకరించేవాళ్ళున్నారు. వాళ్ళందరూ వెతికే సంతకం ఒకటుంది, మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిక్ట్‌హోఫెన్‌ది. మనకి రెడ్ బారన్ అంటే తెలుస్తుంది.

పుట్టింది 1892లో, బ్రెస్లౌ దగ్గర. మొదట గుర్రపు దళంలో ఆఫీసరు. కందకాల యుద్ధంలో గుర్రాలకి పని లేకపోయేసరికి 1915లో విమానాల వైపు వచ్చాడు. పుట్టు పైలట్ అనుకుంటాం గానీ, మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు దిగేటప్పుడు విమానాన్ని పాడుచేశాడు. ఓస్వాల్డ్ బోయెల్కె అనే గురువు దగ్గర చేరాకే కథ మారింది.

1916 సెప్టెంబర్ 17న మొదటి విమానాన్ని కూల్చాడు. అందులో ఇద్దరు బ్రిటిష్ వాళ్ళు. పైలట్ లయొనెల్ మోరిస్, పరిశీలకుడు టామ్ రీస్. ఇద్దరూ చనిపోయారు. మోరిస్‌కి 19 ఏళ్ళు. అంటే నా వయసే. ఈ అంకె చదివాక మిగతాది నేను మామూలుగా చదవలేకపోయాను.

ఆ విజయానికి గుర్తుగా రిక్ట్‌హోఫెన్ బెర్లిన్‌లో ఒక చిన్న వెండి కప్పు చేయించుకున్నాడు. తర్వాత ప్రతి విజయానికీ ఒకటి. కప్పు మీద ఎన్నో విజయం, ఏ రకం విమానం, అందులో ఎంతమంది, ఏ తేదీ అని చెక్కించేవాడు. పేర్లు ఉండవు. నాకైతే అది డేటాబేస్‌లో ఒక వరసలా కనిపించింది, అన్ని కాలమ్స్ ఉన్నాయి, పేరు కాలమ్ తప్ప. కూలిన విమానాల గుడ్డ మీద నంబర్లు కోసి తెచ్చి గదిలో తగిలించుకునేవాడు కూడా. జనం అతని సంతకాలు పోగు చేస్తుంటే అతను వీటిని పోగు చేశాడు.

1917 జనవరిలో పెద్ద పతకం, ఆ ఏప్రిల్ ఒక్క నెలలోనే ఇరవైకి పైగా విజయాలు, అదే ఏడాది ఆత్మకథ. జూలైలో తలకి తూటా తగిలింది. కళ్ళు కనిపించని స్థితిలోంచి ఎలాగో తేరుకుని విమానం దించాడు. ఆ తర్వాత మనిషి మునుపటిలా లేడు. ప్రతి పోరాటం తర్వాతా మనసు బాగుండట్లేదని రాసుకున్నాడు కూడా. అయినా ఎగరడం మానలేదు.

అందరికీ తెలిసిన ఆ ఎర్రటి మూడు రెక్కల ఫోకర్ నడిపింది చివరి నెలల్లోనే. దాని ఇంజిన్‌కి ఆముదం కావాలి (అవును, చిన్నప్పుడు మనకి పట్టించిన ఆముదమే!). జర్మనీలో అసలు ఆముదం కరువై ప్రత్యామ్నాయ నూనెలు పోస్తే ఇంజిన్లు మొరాయించేవి.

1918 ఏప్రిల్ 21న, ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర, తూటా గుండెల్లోంచి దూసుకెళ్ళి చనిపోయాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళే. విమానం దాదాపు చెక్కుచెదరకుండా దిగింది. కానీ ఎంతసేపు? చుట్టూ ఉన్న సైనికులు జ్ఞాపకం కోసం గుడ్డ ముక్కలు, భాగాలు పీక్కుపోయారు. ఆస్ట్రేలియా వాళ్ళు మర్నాడు సైనిక లాంఛనాలతో పూడ్చిపెట్టారు. అతని బూటొకటి ఇప్పటికీ ఆస్ట్రేలియా మ్యూజియంలో, విమానం సీటు కెనడాలో ఉన్నాయి.

కప్పులు మాత్రం మొత్తం అరవైతోనే ఆగాయి. యుద్ధంలో వెండి దొరక్క ఇక చేయించలేదు. విజయాలు 80. ఆ చివరిది చావుకి ముందు రోజు. పైలట్ పేరు డేవిడ్ లూయిస్, రొడీషియా కుర్రాడు, అతనికీ 19 ఏళ్ళే. విమానం మంటల్లో కూలింది, లూయిస్ కొద్దిపాటి కాలిన గాయాలతో బయటపడ్డాడు. 1978 దాకా బతికాడు.