నెత్తురు తెగలు కనిపెట్టిన లాండ్‌స్టైనర్

ఉగాది సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి ఇమ్మని సంఘంవారు కోరారు. రాజుల గూర్చి, కవుల గూర్చి వ్రాయగలవారు మన హోసూరు, కృష్ణగిరి తెలుగువారిలో చాలమంది ఉన్నారు గదా యని మేము ఒక వైద్యుని ఎన్నుకొన్నాము. కారణం చివర మనవి చేస్తాము.

కార్ల్ లాండ్‌స్టైనర్ 1868 జూన్ 14న ఆస్ట్రియాలో వియన్నాకు చేరువనున్న బాడెన్‌లో జన్మించాడు. తండ్రి పత్రికా రచయిత. కొడుకు పసితనంలోనే కాలం చేశాడు. తల్లి ఫానీయే పెంచి పెద్దచేసింది. ఆమె పోయిన తరువాత ముఖానికి తీయించిన అచ్చును అతడు తన పడకగది గోడకు తగిలించుకొన్నాడంటే, ఎంత మమకారమో చూడండి.

1891లో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. నాడి చూసి నాలుగు రాళ్లు సంపాదించక, రసాయనశాస్త్రం నేర్చి, శవపరీక్షల గదిలో చేరాడు. సుమారు పదేండ్లలో 3,600కు పైగా శవాలను పరీక్షించాడు.

ఆ రోజులలో ఒకరి నెత్తురు మరొకరికి ఎక్కిస్తే కొందరు లేచి కూర్చునేవారు, కొందరు ప్రాణాలు విడిచేవారు. ఎందుకో తెలియదు. లాండ్‌స్టైనర్ తన నెత్తురును, తోటి పనివారు ఐదుగురి నెత్తురును తీసి, ఎర్రకణాలను, పైన తేరిన నీటిని వేరుచేశాడు. ఒకరి నీటిని మరొకరి కణాలతో కలిపి చూశాడు. కొన్ని జతలలో కణాలు విరిగిన పాలవలె ముద్దలు కట్టాయి. కొన్నిటిలో ఏమీ కాలేదు. అతని సొంత కణాలు ఎవరి నీటిలోను ముద్దకట్టలేదు. ఇంత సులువైన పరీక్ష అంతకు ముందు ఎవరికీ తోచకపోవడమే వింత! 1901లో నెత్తురు మూడు తెగలని ప్రకటించాడు: ఎ, బి, సి. ఆ సి నే నేడు ఓ అంటున్నాము. ఎబి అనే నాలుగవ తెగ మరుసటి యేడు బయటపడింది. ఈ తెగలు తల్లిదండ్రులనుండి బిడ్డలకు వచ్చేవే.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక వియన్నాలో తిండికి కరువు వచ్చింది. 1919లో, యాభై దాటిన వయసులో, భార్యతో, చిన్న కొడుకుతో హాలెండుకు వలసపోయి, ఒక చిన్న ఆసుపత్రిలో మూత్రం, నెత్తురు పరీక్షిస్తూ కాలం గడిపాడు. పొట్టకోసం ఊరు విడిచిన మనకు ఆ దినాలు వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. అటుపై న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చేరాడు. 1930లో నోబెల్ బహుమానం వచ్చింది. 1940లో, డెబ్బది దాటిన తరువాత, వీనర్‌తో కలసి ఆర్‌హెచ్ గుణాన్ని ప్రకటించాడు. 1943 జూన్‌లో ప్రయోగశాలలో పనిలో ఉండగానే గుండెపోటు వచ్చి, 26వ తేదీన కన్నుమూశాడు.

ఇక కారణం. తల్లి ఆర్‌హెచ్ నెగెటివు, కడుపులోని బిడ్డ పాజిటివు అయితే మొదటి కాన్పు సాధారణంగా సుఖంగానే గడుస్తుంది. కాన్పునాడు బిడ్డ నెత్తురు తల్లిలో కలిస్తే ఆమె నెత్తురు దానికి పగబడుతుంది. ఆ పగ తరువాతి పాజిటివు బిడ్డ మీద తీరుతుంది. 1968నుండి దీనికి సూదిమందు ఉన్నది. కాన్పయిన మూడు రోజులలోగా వేయాలి. మా చెల్లెలికి మొదటి కాన్పులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మరొకటి. 1952లో బొంబాయిలో కనుగొన్న అరుదైన తెగ ఒకటి ఉన్నది. మామూలు పరీక్షలో ఓ వలె కనబడుతుంది గాని, ఆ మనిషికి ఓ నెత్తురు ఎక్కిస్తే ప్రాణాపాయం. తల్లి, తండ్రి ఇద్దరినుండి ఆ లోపం వస్తేనే పుడుతుంది కనుక, దగ్గర చుట్టాలు పెళ్లాడినచోట దీనికి అవకాశం ఎక్కువ. మేనరికాలు మన ఇండ్లలో కొత్తవి కావు; మాదీ మేనరికమే. ఎక్కించేముందు దాత నెత్తురుతో కలిపి చూస్తే ఇది తెలిసిపోతుంది. లాండ్‌స్టైనర్ చేసిన పని అదే.

మా చెల్లెలి రెండవ బిడ్డ పచ్చగా పుట్టింది. ఒంట్లో నెత్తురంతా మార్చవలసి వచ్చింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చునే మేము ఈ పేరు మొదటిసారి విన్నాము. ఆ పిల్ల ఇప్పుడు మూడవ తరగతి చదువుతున్నది.