కాంగో తొలి ప్రధాని లుముంబా

ఆఫ్రికా ఖండం నడిబొడ్డున కాంగో దేశం ఉంది. రాగి, వజ్రాలు పుష్కలంగా దొరికే నేల అది. 1885లో బెల్జియం రాజు దానిని తన సొంత ఆస్తిగా చేసుకున్నాడు. 1908లో అది బెల్జియం ప్రభుత్వం చేతికి వచ్చింది.

పాట్రిస్ లుముంబా 1925 జులై 2వ తేదీన కసాయి ప్రాంతంలోని ఒనలువా గ్రామంలో జన్మించాడు. మిషనరీ బడుల్లో కొంతకాలం చదివాడు. తక్కిన విద్య అంతా స్వయంకృషితో సంపాదించినదే. స్టాన్లీవిల్ నగరంలో తపాలా గుమాస్తాగా పనిచేస్తూ, ఆఫీసు సొమ్ము వాడుకున్నాడన్న నేరంపై 1956లో అరెస్టయి జైలుకు వెళ్లాడు. గొప్పవారి జీవితంలో ఇటువంటి సంగతులను దాచనవసరం లేదు. విడుదలయ్యాక రాజధాని లియోపోల్డ్‌విల్‌లో ఒక బీరు కంపెనీలో చేరాడు. ఊరంతా తిరిగే ఆ ఉద్యోగం అతనికి ఎందరినో పరిచయం చేసింది.

అప్పటి కాంగోలో చాలా పార్టీలు ఒక్కొక్క తెగకు చెందినవి. 1958లో లుముంబా నాయకత్వాన ఏర్పడిన పార్టీ మాత్రం దేశమంతా ఒక్కటే అన్నది. 1960 మే ఎన్నికలలో ఎవరికీ మెజారిటీ రాలేదు, కాని ఎక్కువ స్థానాలు ఆ పార్టీకే దక్కాయి. జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. కసవుబు అధ్యక్షుడు, లుముంబా ప్రధాని. ముప్పై అయిదేళ్లు నిండడానికి లుముంబాకు ఇంకా రెండు రోజులున్నాయి. ఆనాటి సభలో బెల్జియం రాజు ఎదుటనే అతడు తన ప్రజలు పడిన వెట్టిచాకిరీని, అవమానాలను ఏకరువు పెట్టాడు.

వారం తిరగకుండానే సైన్యం తిరగబడింది. ఆ సైన్యంలో అధికారులందరూ బెల్జియం వారే. జులై 11న రాగి గనులున్న కటంగా రాష్ట్రం విడిపోయింది. ఐక్యరాజ్యసమితి సేనలు వచ్చాయి గాని, కటంగాను బలప్రయోగంతో లొంగదీయడానికి ఒప్పుకోలేదు. లుముంబా సోవియట్ సహాయం కోరాడు. పాశ్చాత్య దేశాలకు అది కంటగింపయింది.

కొత్త రాజ్యాంగంలో ఒక చిక్కు ఉంది. ప్రధాని పార్లమెంటుకు జవాబుదారి. కాని అతనిని తొలగించే అధికారం అధ్యక్షునికి ఉన్నట్లు అందులో రాసి ఉంది. సెప్టెంబరు 5న కసవుబు రేడియోలో ప్రధానిని తొలగించినట్లు ప్రకటించాడు. లుముంబా కూడా రేడియోలోనే అధ్యక్షుని తొలగించినట్లు ప్రకటించాడు. పార్లమెంటు లుముంబా పక్షాన నిలిచింది. ఓట్లు అతనివే, తుపాకులు మాత్రం అతనివి కావు. సెప్టెంబరు 14న మొబుటు అధికారం చేజిక్కించుకున్నాడు. ఆ మొబుటును సైన్యంలో పెద్ద పదవిలో నియమించినది లుముంబాయే!

లుముంబా ఇల్లే అతనికి చెర అయింది. లోపల ఐక్యరాజ్యసమితి సైనికులు కాపలా, వెలుపల మొబుటు సైనికుల ముట్టడి. ఆనాడు కాంగోలో సమితి ప్రతినిధి భారతీయుడైన రాజేశ్వర్ దయాళ్. నవంబరు 27 రాత్రి లుముంబా కారులో తప్పించుకుని స్టాన్లీవిల్ దారి పట్టాడు. త్రోవలో జనం చుట్టుముడితే ఆగి మాట్లాడాడు. సంకూరు నదిని దాటి కూడా, ఆవలి ఒడ్డున ఉండిపోయిన భార్యాబిడ్డల కోసం వెనుకకు వచ్చి పట్టుబడ్డాడని చెబుతారు.

1961 జనవరి 17న అతనిని శత్రువులున్న కటంగాకు విమానంలో తరలించారు. ఆ రాత్రే ఇద్దరు సహచరులతో పాటు కాల్చి చంపారు. సమాధి కూడా మిగలకూడదని దేహాలను ఆమ్లంలో కరిగించారు. ఆ పని చేసిన బెల్జియం పోలీసు అధికారి ఒకడు అతని పన్నును దాచుకున్నాడు. 2002లో బెల్జియం ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2022 జూన్ 20న ఆ పన్నును బ్రస్సెల్స్‌లో లుముంబా సంతానానికి అప్పగించింది. పది రోజుల తరువాత, స్వాతంత్ర్య దినాన, కిన్షాసాలో దానిని సమాధి చేశారు. లియోపోల్డ్‌విల్‌కు ఇప్పటి పేరు అదే.